రంగూను ముచ్చట్లు: పిల్లి, ఏనుగు, తారాజువ్వ, నిప్పుగొట్టం

పిల్లలు నలుగురు చేరిన చోట మాటలు ఎక్కడ మొదలైనా కొంతసేపటికి మూడు విషయాల మీదకు వచ్చి నిలుస్తాయి. మా ఇంటి పిల్లి గొప్పదా, మీ ఇంటి కుక్క గొప్పదా అన్నది మొదటిది. మనిషి కనిపెట్టిన వాటిలోకెల్ల గొప్పదేది అన్నది రెండవది. పూర్వకాలపు ఆయుధాలలో మిక్కిలి భయంకరమైనదేది అన్నది మూడవది. పెద్దవాళ్ళం ఒప్పుకోముగాని మన పిచ్చాపాటీ కూడా తరచు ఈ దారినే పోతుంది. ఈ మూడింటికీ ప్రపంచమంతా తిరిగి ఉదాహరణలు తేనక్కరలేదు. రంగూను నగరమూ, దాని వెనుక ఐరావతీ నదీ, ఆ పైన ఉత్తరపు కొండలూ చాలును. 1989 నుంచి ఈ నగరం యాంగోన్ అయినా, మన తెలుగు ఇళ్ళలో రంగూను అన్న మాటే నిలిచి ఉన్నది కనుక ఇక్కడా ఆ పేరే వాడుతున్నాను.

పిల్లి విషయంలో మనవాళ్ళది ఎప్పుడూ రెండు నాలుకల ధోరణే. బయలుదేరేటప్పుడు ఎదురైతే అపశకునమంటారు. బియ్యపు బస్తాలున్న ఇంట్లో అది రెండు రోజులు కనిపించకపోతే వీధంతా వెతికిస్తారు. బర్మావారికి ఈ పేచీ లేదు. బౌద్ధ విహారాలలో పిల్లులకు ఎప్పుడూ చోటున్నది. ఇన్లే సరస్సు మీది ఒక విహారంలో భిక్షువులు పిల్లులకు వలయాలలోనుంచి దూకడం నేర్పగా, అది చూడడానికే యాత్రికులు వెళ్ళిన రోజులున్నాయి. మరొక చమత్కారమేమనగా, బర్మా భాషలో పిల్లికీ, విహారానికీ ఇంచుమించు ఒకటే పేరు, "చౌన్". బడికి కూడా ఆ రెండవ మాటే. పలికే స్వరంలోని హెచ్చుతగ్గులే తేడా. తెలుగులో అట్టి స్వరభేదం లేదు గనుక మన పసివాళ్ళు "పిల్లికి పోతున్నాను" అని చెప్పి బడికి బయలుదేరినా ఆశ్చర్యపడనక్కరలేదు.

1930లో ఈ దేశం నుంచి ఒక ఆడపిల్లి అమెరికా చేరింది. అమెరికా నౌకాదళంలో వైద్యుడుగా పనిచేసిన జోసెఫ్ థాంప్సన్ అనే ఆయన దానిని శాన్ ఫ్రాన్సిస్కోలో పెంచుకున్నాడు. పేరు వాంగ్ మౌ. ఒళ్ళంతా అక్రోటు రంగు. ముఖమూ, చెవులూ, తోకా మరికొంచెం ముదురు. చూసినవారిలో పలువురు ఇది రంగు చెడిన సయామీ పిల్లి అని కొట్టివేశారు. థాంప్సన్ ఆ మాటను ఊరికే నమ్మనూ లేదు, ఊరికే కాదననూ లేదు. పిల్లలను కనిపించి తేల్చుకుందామనుకున్నాడు. అది శాస్త్రజ్ఞుని పద్ధతి.

అమెరికాలో అటువంటి పిల్లి మరొకటి లేదు కనుక తాయ్ మౌ అనే సయామీ మగపిల్లితో జతపరచాడు. పుట్టిన పిల్లలలో కొన్ని అచ్చంగా సయామీ పిల్లులు, కొన్ని తల్లి వంటివి. తరువాత వాంగ్ మౌను దాని కొడుకుతోనే జతపరచాడు. ఈసారి మూడు రకాలు వచ్చాయి: సయామీ రంగువి, తల్లి రంగువి, తల్లికంటె ఎంతో ముదురైన చిక్కని గోధుమ రంగువి. ఆ ముదురు పిల్లులను వాటిలో వాటికే జతపరిస్తే ముదురు పిల్లలే పుట్టాయి.

దీని అర్థం తెలియాలంటే ఒక చిన్న లెక్క చాలు. ప్రాణిలో ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. రంగు నిచ్చే ఒక జన్యువుకు ఇక్కడ రెండు రూపాలున్నాయనుకుందాం. బర్మా రూపాన్ని "బ" అనీ, సయామీ రూపాన్ని "స" అనీ అందాం. సయామీ పిల్లి స-స. వాంగ్ మౌ బ-స, అనగా సంకరం. స-స తో కలిస్తే సగం స-స, సగం బ-స పుట్టాలి. బ-స లు రెండు కలిస్తే నాలుగింట ఒకటి స-స, రెండు బ-స, ఒకటి బ-బ. ఆ బ-బ యే కొత్తగా కనిపించిన ముదురు పిల్లి. అంటే బర్మా పిల్లి జాతికి మూలమాతగా ప్రసిద్ధి కెక్కిన వాంగ్ మౌ, నేటి కొలతల ప్రకారం అసలు బర్మా పిల్లే కాదు! అటువంటి సంకరాన్ని ఇప్పుడు టాంకినీస్ అంటారు. ఈ ఫలితాలను థాంప్సన్ జన్యుశాస్త్రవేత్తలతో కలిసి 1943లో ప్రకటించాడు.

ఆ జన్యువు ఏదో 2005లో నిర్ధారణ అయింది. మన చర్మానికీ, జుట్టుకూ నలుపు నిచ్చే మెలనిన్ తయారు కావడానికి టైరోసినేస్ అనే ఎంజైము కావాలి. సయామీ పిల్లిలో ఈ ఎంజైము కొంచెం వేడి తగిలితే పనిచేయదు. పిల్లి ఒంటివేడి 38 డిగ్రీల పైన. చెవుల కొసలు, తోక, పాదాలు, ముట్టె మాత్రం చల్లగా ఉంటాయి. అందుచేత అక్కడ మాత్రమే నలుపు పుడుతుంది. తల్లి కడుపులో అంతటా ఒకటే వేడి కనుక పిల్లలు తెల్లగా పుట్టి, తరువాత కొసల నుంచి నల్లబడతాయి. వీపు మీద కొంతమేర జుట్టు గొరిగి ఆ చోటును చల్లగా ఉంచితే అక్కడ మొలిచే జుట్టు నల్లగా వస్తుంది. బర్మా రూపంలో ఈ లోపం తక్కువ. ఒళ్ళంతా గోధుమరంగు పడుతుంది, కొసలు కాస్త ముదురుతాయి. నడిచే ఉష్ణమాపకమని ఈ పిల్లిని వర్ణిస్తే అతిశయోక్తి కాదు.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడా చెప్పుకోవాలి. పిల్లుల జాతులను పోల్చిన 2008 నాటి ఒక పరిశోధనలో, జన్యు వైవిధ్యం అతి తక్కువగా ఉన్నవాటిలో బర్మా పిల్లి ఒకటని తేలింది. ఒక్క తల్లితో మొదలుపెట్టి దగ్గరి బంధువులనే జతపరచుకుంటూ పోయిన ఫలితమది. గుండ్రని ముఖం అందమని దానినే ఎన్నిక చేసుకుంటూ వచ్చిన కొన్ని అమెరికా వంశాలలో ఒక జన్యుదోషం పాతుకొన్నది. అది ఒక్క ప్రతిగా ఉంటే ముఖం ముద్దుగా ఉంటుంది. రెండు ప్రతులు కలిస్తే పిల్ల తల ఎముకలే సరిగా ఏర్పడవు, అది బ్రతకదు. ఆ జన్యువును 2016లో గుర్తించారు.

మేనరికాల గురించి వైద్యులు చెప్పే మాట కూడా సరిగ్గా ఇదే. బిడ్డకు ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుని నుంచి వచ్చే అవకాశం తల్లీకొడుకుల జతలో నాలుగింట ఒకటి. మేనమామకు మేనకోడలిని ఇచ్చిన చోట అది 8లో ఒకటి. మేనత్త, మేనమామ బిడ్డల మధ్య 16లో ఒకటి. తాతగారిలో దాగి ఎవరికీ కనిపించని దోషం, రెండు వైపుల నుంచీ వచ్చి మునిమనుమనిలో బయటపడవచ్చును. నూరు కుటుంబాలున్న చోట సంబంధాలు వెతికే మనవంటివారు ఈ లెక్కను ఒకసారి కాగితం మీద వేసి చూసుకోవడం మంచిది. పెళ్ళిచూపుల మధ్య పిల్లుల ప్రస్తావన తెచ్చినందుకు పెద్దలు క్షమింతురుగాక.

ఇంత పేరు గడించిన ఆ పిల్లి తన పుట్టింట మాత్రం వీధిపిల్లులలో కలిసి కనుమరుగయింది. 2008లో ఇంగ్లండు, ఆస్ట్రేలియాల నుంచి కొన్ని బర్మా పిల్లులను తెచ్చి ఇన్లే సరస్సు ఒడ్డున మళ్ళీ పెంచడం ఆరంభించారు.

ఇక ఏనుగు. దీనిని పెంపుడు జంతువులలో చేర్చాలా, యంత్రాలలోనా, ఆయుధాలలోనా అన్నది తేల్చడం కష్టం. ఈ దేశంలో అది మూడూ అయింది. అడవిలో టేకు దుంగలను ఈడ్చి వాగులలోకి తోసే పనికి ప్రభుత్వపు మ్యాన్మా టింబర్ ఎంటర్‌ప్రైజ్ వేలాది ఏనుగులను పోషించింది. వాటి మావటీని ఇక్కడ "ఊజీ" అంటారు. ప్రతి ఏనుగుకూ పుట్టుక, తల్లి పేరు, జబ్బులు, ప్రసవాలు, మరణం నమోదు చేసే పుస్తకం ఉంటుంది. కార్యాలయాల వ్రాతకోతలను మనం సాధారణంగా విసుక్కుంటాం. ఈ పుస్తకాలు మాత్రం శాస్త్రజ్ఞులకు నిధి నిక్షేపాలయ్యాయి.

యూరపు జంతుప్రదర్శనశాలలలోని ఆడ ఏనుగుల ఆయుర్దాయాన్ని ఈ టేకు ఏనుగుల ఆయుర్దాయంతో పోల్చి 2008లో ఒక పరిశోధన వెలువడింది. ప్రదర్శనశాలలో పుట్టిన ఆసియా ఏనుగుల మధ్యస్థ ఆయుర్దాయం 18.9 సంవత్సరాలు, బర్మా అడవిలో దుంగలీడ్చే ఏనుగులది 41.7 సంవత్సరాలు. వేళకు తిండి, వైద్యుడు, పని లేని జీవితం ఉన్నదానికంటె కూలిపని చేసేదే రెండింతలు పైగా బ్రతుకుతున్నదన్న మాట. ఊబకాయం, మానసికమైన ఒత్తిడి, తల్లి నుంచి వేరుచేయడం కారణాలు కావచ్చునని ఆ శాస్త్రజ్ఞులు భావించారు. టేకు ఏనుగుకు వేసవిలో విశ్రాంతి ఉంటుంది. పని ముగిసిన రాత్రి అడవిలోకి విడిచిపెడతారు, తనకు కావలసింది తానే మేస్తుంది, తోటి ఏనుగులతో తిరుగుతుంది.

అంతమాత్రాన ఆ జీవితం స్వర్గమని కాదు. ఇవే పుస్తకాల నుంచి ఐదువేలకు పైగా ఏనుగుల వివరాలు తీసి 2018లో మరొక పరిశోధన ప్రకటించారు. అడవిలో పట్టి మచ్చిక చేసిన ఏనుగు, పెంపకంలోనే పుట్టిన ఏనుగుకంటె కొన్ని సంవత్సరాలు ముందుగా మరణిస్తుంది. పట్టిన నాటి దెబ్బ జీవితాంతం వెంటాడుతుందని దాని సారాంశం. గజేంద్రుని కథ విని పెరిగిన మనకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

ఏనుగు ఆయుధమై దాదాపు చివరిసారిగా నిలిచిన ఘట్టాలలో ఒకటి ఇక్కడికి దగ్గరలోనే జరిగింది. 1824 మే 11న ఆర్చిబాల్డ్ కాంప్‌బెల్ నాయకత్వాన కుంపిణీ సేనలు రంగూనును పట్టుకొన్నాయి. ఆ సేనలలో మదరాసు సిపాయిలు వేలకొద్దీ ఉన్నారు. ఆనాటి మదరాసు పటాలాలలో తెలుగువారు ఎంతమందో! ఉత్తర హిందూస్థానంలో కుంపిణీ సిపాయికి "తిలంగా" అన్నది పేరై పోయినదంటే వేరే సాక్ష్యమెందుకు? వారి నెదిరించినవాడు బర్మా సేనాని మహాబందులుడు. సూలే పగోడా ప్రక్కనున్న ఉద్యానవనానికీ, దాని ముందు నుంచి పోయే వీధికీ ఉన్నది ఆయన పేరే. 1825 మార్చిలో ధనుబ్యూ కోట నుంచి ఆయన సైన్యం 17 యుద్ధపుటేనుగులతో బయటికి వచ్చి తలపడింది. తుపాకులూ, ఫిరంగులూ, రాకెట్లూ ఎదురుగా ఉన్నాయి. ఏనుగులు వెనుదిరిగాయి. ఏప్రిల్ 1న ఆ కోటలోనే బందులుడు మరణించాడు. ఆయనను తాకినది రాకెట్టని కొందరూ, మోర్టారు గుండని కొందరూ వ్రాశారు.

ఆ రాకెట్టు చరిత్ర మన వైపునుంచే ఆరంభమయింది. వెదురు బొంగులో సురేకారం, గంధకం, బొగ్గు కూరి వదిలే తారాజువ్వ మన దీపావళికి కొత్త కాదు. బర్మావారు కూడా పెద్ద భిక్షువులు గతించినప్పుడు చితికి నిప్పు పెట్టడానికి జువ్వలు వదిలేవారు. షాన్ రాష్ట్రంలోని పావో ప్రజలకు జువ్వల పండుగే ఉన్నది. బొంగు బదులు ఇనుపగొట్టం వాడినవారు మైసూరు ఏలిన హైదరాలీ, టిప్పు సుల్తానులు. ఇనుము ఎక్కువ పీడనానికి ఆగుతుంది. లోపలి వాయువు మరింత జోరుగా వెనుకకు చిమ్ముతుంది. జువ్వ అంత దూరం పోతుంది. 1780లో పొల్లిలూరు దగ్గర ఆ దెబ్బ తిన్న ఆంగ్లేయులు, 1799లో శ్రీరంగపట్నం పడిన తరువాత ఆ జువ్వలను తమ దేశానికి తీసుకుపోయారు. ఊల్విచ్ ఆయుధాగారంలో విలియం కాంగ్రీవ్ వాటిని పరిశీలించి తన రాకెట్లను తయారుచేశాడు. 32 పౌన్ల రాకెట్టుకు 15 అడుగుల కర్ర తోక. మన జువ్వకు ఈనెపుల్ల ఎందుకో దానికీ కర్ర అందుకే. తోక లేనిది తలక్రిందులై ఎటో పోతుంది. తోక ఉన్నా అది ఎటు పోతుందో వదిలినవానికే తెలియదన్న అపకీర్తి దానికి చివరిదాకా పోలేదు.

అయితే దానిని ఎందుకు మోసుకొచ్చారు? ఫిరంగి పేలినప్పుడు గుండు ముందుకు పోతే ఫిరంగి వెనుకకు తంతుంది. చిన్న పడవ ఆ తాపుకు ఆగదు. రాకెట్టు తన వాయువును తానే వెనుకకు చిమ్ముకుంటూ పోతుంది కనుక ఆ ప్రతిచర్య అంతా రాకెట్టులోనే చెల్లిపోతుంది; వదిలిన పడవకు తాపు తగలదు. నదీయుద్ధానికి ఇంతకంటె అనుకూలమేమున్నది?

ఆ నదిలోనే మరొక వింత ప్రవేశించింది. కలకత్తా దగ్గర ఖిద్దిర్‌పూర్‌లో 1823లో నీటిలోకి దింపిన "డయానా" అనే ఆవిరి ఓడను ఈ యుద్ధానికని ప్రభుత్వం కొన్నది. ప్రక్కలకు చక్రాలు, నడుమ పొడుగాటి పొగగొట్టం, లోపల 16 అశ్వశక్తుల ఇంజన్లు రెండు. యుద్ధంలో పాల్గొన్న తొలి ఆవిరి ఓడలలో ఇది ఒకటి. బర్మా యుద్ధపడవలు వేగంలో దీనికి తీసిపోలేదు. అరవైమంది తెడ్లు వేసేవి కూడా వాటిలో ఉండేవి. కాని లెక్క చూడండి. మనిషి గంటల తరబడి నిలకడగా చేయగల పని ఒక అశ్వశక్తిలో పదోవంతు. అరవైమందీ కలిసి ఆరు. కొద్దిసేపు రెండు మూడింతలు చేయగలరు. తరువాత చేతులు పడిపోతాయి. డయానా చేసినది కేవలం అదే. ఎదురు ప్రవాహంలో వెంటపడి, తెడ్లవారు అలసిపోయేదాకా వదలలేదు. బొగ్గూ కట్టే ఉన్నంతవరకు యంత్రానికి అలసట లేదు.

ఈ వింతల మధ్య మరుగునపడిన లెక్క ఒకటున్నది. 1826 ఫిబ్రవరి 24న యాండబో సంధితో యుద్ధం ముగిసేటప్పటికి, కుంపిణీ పంపిన సుమారు 40,000 మందిలో 15,000 మంది చనిపోయారు. వారిలో అధికభాగం కత్తికీ, గుండుకూ కాదు, వానకాలంలో ఖాళీ అయిన రంగూనులో తాజా తిండి లేక, జ్వరంతో, రక్తవిరేచనాలతో పోయారు. ఏ ఊరి బిడ్డలో, ఎవరి పేర్లూ మనకు మిగలలేదు. ఆ చలిజ్వరాన్ని మోసే ఆయుధం దోమ అని తెలియడానికి మరి 70 సంవత్సరాలు పట్టింది. తెలిసిన చోటు తెలుగునేలే: 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. భయంకరమైన ఆయుధమేదని పిల్లలు పందెం వేసుకుంటే నా ఓటు దోమకే.

డయానా తరువాత ఐరావతి మీద ఆవిరి ఓడలు బారులు తీరాయి. 1865లో స్థాపితమైన ఐరావడీ ఫ్లోటిల్లా కంపెనీ ఒకనాడు ఆరువందలకు పైగా పడవలు నడిపింది. ఆ రేవులలో బస్తాలు మోసినవారు కోరంగీలు, అనగా కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేర ఇక్కడ పిలువబడిన మనవాళ్ళు. 1942లో జపాను సేనలు వస్తుంటే కంపెనీ తన ఓడలను తానే ముంచివేసింది. మనవాళ్ళు అనేకులు కాలినడకన కొండలు దాటారు.

ఆ కొండలలోనే, కాచిన్, షాన్ జనుల నడుమ దొరికే వస్తువు ఈ వ్యాసంలో చివరి ముచ్చట. నిప్పుగొట్టం అందాం. కొమ్ముతోనో, గట్టి కర్రతోనో, వెదురుతోనో చేసిన జానెడు లోపు గొట్టం; ఒక కొస మూసి ఉంటుంది. అందులో బిగువుగా దిగే కడ్డీ. గాలి జారిపోకుండా కడ్డీకి దారం చుట్టి కొవ్వు రాస్తారు. కడ్డీ కొన గుంటలో ఎండిన దూది వంటి చిటికెడు పీచు. అరచేతితో ఒక్కటి కొట్టి, వెంటనే లాగితే పీచు అంటుకొని ఉంటుంది! మలయా, జావా, బోర్నియో, ఫిలిప్పీన్సు దీవులదాకా ఇది వాడుకలో ఉండేది. అగ్గిపెట్టె మెత్తబడిపోయే వానలలో కూడా లోపలి పీచు పొడిగా ఉంటుంది. ఎవరు కనిపెట్టారో ఏ శాసనంలోనూ లేదు. ఇంగ్లండులో ఇటువంటి సాధనానికి 1807లో పేటెంటు తీసుకున్నారు.

నిప్పు ఎక్కడినుంచి వచ్చింది? గాలిని నొక్కడానికి మనం చేసిన పని అంతా ఆ గాలిలో వేడిగా మారుతుంది. నెమ్మదిగా నొక్కితే ఆ వేడి గొట్టం గోడలలోకి జారిపోతుంది. తటాలున నొక్కితే పోవడానికి వ్యవధి ఉండదు. దీనినే భౌతికశాస్త్రంలో స్థిరోష్ణక సంపీడనం అంటారు. 27 డిగ్రీల గాలిని అలా పదిహేనోవంతుకు నొక్కితే, లెక్క ప్రకారం దాని వేడి 600 డిగ్రీలు దాటుతుంది. నిజంగా కొంత తగ్గుతుంది. అయినా కాగితం అంటుకొనడానికి అందులో సగం కూడా అక్కరలేదు.

మ్యూనిక్‌లో కార్ల్ లిండే అనే ఆచార్యుడు పినాంగ్ నుంచి తెచ్చిన ఇటువంటి గొట్టాన్ని చూపగా శిష్యుడైన రుడాల్ఫ్ డీజిల్‌కు తన ఇంజను ఆలోచన తట్టిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. కథ సంగతి ఎట్లున్నా సూత్రం మాత్రం ఒకటే. ఆవిరి ఓడలో నిప్పు బాయిలరు క్రింద ఉంటుంది, పని సిలిండరులో జరుగుతుంది. డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో నడిపి చూపిన ఇంజనులో నిప్పు సిలిండరులోపలే పుడుతుంది. గాలిని తటాలున నొక్కి కాగేటట్లు చేసి, అందులోకి నూనెను చిమ్ముతారు. అది తనంతట తానే అంటుకుంటుంది. రవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. కరెంటు పోయిన రాత్రి రంగూను కాలిబాట మీద దడదడలాడే డీజిల్ జనరేటరులో నిమిషానికి వందలసార్లు జరిగేది ఆ కాచిన్ కొండవాడి అరచేతి దెబ్బే.

నమ్మకం కలగనివారు సైకిలు పంపు తీసుకోవచ్చును. టైరుకు తగిలించి ఇరవైసార్లు గబగబా కొట్టి, పంపు అడుగుభాగం తాకి చూడండి, వెచ్చగా ఉంటుంది. అది రాపిడి వేడి అని ఇంట్లో చదువుకున్న పిల్లవాడెవరైనా వాదిస్తాడు. వాదించనివ్వండి. పంపు చల్లారిన తరువాత టైరు నుంచి విప్పి, గాలి ఊరికే పోయేటట్లుగా అన్నిసార్లే, అదే జోరుతో వాని చేతనే కొట్టించండి. రాపిడి రెండుసార్లూ ఇంచుమించు ఒకటే. రెండవసారి పంపు అడుగు దాదాపు చల్లగానే ఉంటుంది.